వినపడితే నొక్కండి

పరుపును కిటికీకి అడ్డంగా నిలబెట్టి, జారిపోకుండా కుట్టుమిషను ఆనించారు. తలుపు కింది సందులో పాత దుప్పటి మడిచి దూర్చారు. ఫ్యాను ఆపేశారు. గోడ గడియారాన్ని దించి వంటగదిలో బోర్లా పడుకోబెట్టారు. ఇంత చేశాక ఆ గది మూత వేసిన పెట్టెలా తయారై, లోపలున్న ముగ్గురికీ చెమటలు కారడం మొదలైంది.

"ఊపిరి కూడా మెల్లగా పీల్చు బావా. ఇది దేన్నీ వదిలిపెట్టదు," అన్నాడు బావమరిది మైకును చూపిస్తూ. అతనికి ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. ఆదివారం పూట కొట్టు మూసేసి మైకూ ల్యాప్‌టాపూ మోసుకొచ్చాడు. మైకుకు స్టాండు లేదు. ఎత్తు పీట మీద నాలుగు పుస్తకాలు పేర్చి, వాటి మీద నిలబెట్టి, ఉఫ్‌మనే గాలి తగలకుండా దానికి తన మేజోడు తొడిగాడు.

"ఉతికిందేనా?" అంది అక్క.

"ఉతికిందే. మీ ఆయన పాటకి వాసన పట్టకూడదు కదా."

గిటారు ఒళ్ళో పెట్టుకున్న మనిషి ఇవేమీ పట్టించుకోలేదు. మేకుల ఫ్యాక్టరీలో మిషను నడిపే మనిషి అతను. వేళ్ళు పొట్టిగా, గట్టిగా ఉంటాయి. ఎంత తోమినా గోళ్ళ అంచున నూనె నలుపు పోదు. షెడ్డులో అయిదు మిషన్లు, అయిదు వేగాలతో తీగను నరికి మేకులు చేస్తుంటాయి. ఎప్పుడో ఒకసారి ఆ అయిదూ కలిసి ఒకే దెబ్బ కొడతాయి. ఆ దెబ్బ కోసం పని మధ్యలో చెవి ఒగ్గి నిలబడటం అతనికి అలవాటు. ఆ ఎదురుచూపులోంచే మూడున్నర నిమిషాల వాయింపు ఒకటి పుట్టింది. దాన్ని పట్టుకుని ఆరేళ్ళుగా సాయంత్రాలు గడిపాడు. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. పూర్తిగా అతనిదే.

మొదటిసారి వీధిలో మోటారుసైకిలు పోయింది. రెండోసారి పైవాటాలో ఎవరో కుర్చీ జరిపారు. మూడోసారి భార్యకి తుమ్మొచ్చింది. ఆమె ముక్కు గట్టిగా పట్టుకుని ఎర్రబడిపోయింది గానీ తుమ్ము ఆగలేదు.

"మా పెళ్ళిలో కూడా మీ అక్క ఇంతే. సరిగ్గా ఫోటో తీసేటప్పుడే," అన్నాడతను తీగలు మళ్ళీ సరిచూసుకుంటూ.

నాలుగోసారి అన్నీ కుదిరాయి. కింది తీగల మీద బొటనవేలు ఒక నడకలో నడిచింది. మిగతా వేళ్ళు దానికి ఎదురు నడిచాయి. రెండు నడకలూ విడిపోయి, దగ్గరై, మళ్ళీ విడిపోయి, చివరికి ఒక్కచోట కలవబోయే ముందు అతను అరచేత్తో తీగలన్నీ మూశాడు. నాలుగు లెక్కలు నిశ్శబ్దం. అతని దృష్టిలో ఆ వాయింపుకు ప్రాణం అదే. తర్వాత ఆరు తీగలూ ఒక్క దెబ్బ. మోత మొత్తం చచ్చేదాకా ముగ్గురూ కదలలేదు.

బావమరిది మీట నొక్కి ఆపాడు. ఆపి, తల గోక్కున్నాడు.

"బాగా వచ్చింది బావా. తప్పు నాదే. చేతి గడియారం తీసి అలమరలో పెట్టా. గంటకోసారి మోగుతుందని గుర్తులేదు."

"ఏ గడియారం?"

"పదకొండయింది కదా. సరిగ్గా నువ్వు చేత్తో మూసిన చోట కీ కీ అంది."

"అక్కడ ఏమీ లేదురా. అక్కడ ఏమీ ఉండకూడదనే మూశా."

బావమరిది నవ్వాడు. బావ కూడా నవ్వుతాడని చూశాడు. అతను నవ్వలేదు. బావమరిది ల్యాప్‌టాపు తిప్పి చూపించాడు. తెర మీద వాయింపంతా ఎగుడుదిగుడు గట్టులా ఉంది. చివర్లో గట్టు తెగి చదునైన గీత. ఆ గీత మీద పక్కపక్కన రెండు ముళ్ళు.

"ఇదిగో, ఇవే."

ఆ కాస్త ముక్కా మళ్ళీ పెట్టాడు. అతను ముందుకు వంగి విన్నాడు. ముళ్ళ మీదుగా సన్నటి గీత జరిగిపోయింది. ఏమీ వినపడలేదు.

"గట్టిగా పెట్టు."

పెట్టాడు.

"ఇంకా."

"ఆపరా బాబూ, చెవుల్లో సూదులు గుచ్చినట్టుంది," అని అక్క రెండు చెవులూ మూసుకుంది.

అతను భార్య చేతుల వంక చూశాడు. తర్వాత తెర వంక చూశాడు. ముళ్ళు అక్కడే ఉన్నాయి.

బావమరిది గొంతు తగ్గించాడు. "మరి వేళ్ళు తీగ మీద జారినప్పుడల్లా కీచుమంటోంది, అదైనా..."

"కీచుమంటోందా?"

"మొత్తం ఉంది బావా. మొదటినుంచీ."

కొత్తగా నేర్చుకునే రోజుల్లో కీచుమనేది. అది అతనికి బాగా గుర్తుంది. ఆ కీచు పోవాలని చేతికి పౌడరు రాసుకున్నాడు, తీగలు మార్చాడు, వేలు ఎత్తిపెట్టడం సాధన చేశాడు. కొన్నేళ్ళకి మెల్లగా పోయింది. చెయ్యి తిరిగిందని అనుకున్నాడు. ఆ రోజు భార్యతో ఆ మాట అన్నాడు కూడా.

గిటారును ఒళ్ళోంచి తీసి, గోడకి ఆనించి, అది జారుతుందేమోనని మళ్ళీ సరిచేశాడు. ఆ పని అయిపోయాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

తమ్ముడు వెళ్ళాక ఆమె పరుపు ఈడ్చి మంచం మీద వేసింది. దుప్పటి తీసి దులిపింది. అతను సాయం చెయ్యకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"నీకు తెలుసా?"

"ఏం తెలుసని?"

"నాకు సరిగ్గా వినపడదని."

ఆమె పరుపు మూల సర్దింది. "తెలీకేం. కాలింగ్ బెల్లు ఎన్ని మార్చారు?"

రెండు మార్చాడు. మొదటిది పాడైపోయిందని విప్పి అవతల పారేశాడు. రెండోదానికి కొట్టు వాడితో వీధిలో నిలబడి తగాదా పెట్టుకున్నాడు.

"అవి మోగేవా?"

"శుభ్రంగా మోగేవి. వచ్చేవాళ్ళకి నేనే చెప్పా, తలుపు బాదండి అని."

"మరి నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"చెప్తే ఏమన్నారు? ఏటా పరీక్ష చేస్తారు, నా చెవులు పాముచెవులని కాగితం ఇచ్చారు అన్నారు. కాగితం తెచ్చి అలమరలో పెట్టారు." ఆమె అతని ఎదురుగా వచ్చి నిలబడింది. అప్పుడు గమనించాడు. ఆమె ఎప్పుడూ ఎదురుగా వచ్చి నిలబడే మాట్లాడుతుంది. "నేను మీతో మాట్లాడే గొంతు వేరు. మా తమ్ముడితో మాట్లాడే గొంతు వేరు. వాడు నవ్వుతాడు, బావ దగ్గర మగగొంతు పెడతావేంటే అక్కా అని."

సోమవారం షెడ్డు ఎప్పటిలాగే దద్దరిల్లుతోంది. దూది బిళ్ళలు ఇస్తారు గానీ ఎవరూ చెవుల్లో పెట్టుకోరు. మేకుకి తల సరిగ్గా పడటంలేదని మిషను చప్పుడే చెబుతుంది. చెవులు మూసుకుంటే అరబస్తా మొండిమేకులు పడ్డాక గానీ తెలియదు. అందుకని దూది జేబుల్లో నలిగి నల్లబడుతుంది.

గేటు పక్కన నోటీసు బోర్డులో రెండు కాగితాలున్నాయి. ఒకటి, బుధవారం వినికిడి పరీక్ష వ్యాను వస్తుందని. రెండోది పదిహేను రోజులుగా ఉన్నదే. పొడుగాయన సంగతి. అతని పక్క మిషను మనిషి పొడుగాయన. మధ్యాహ్నం యార్డు దాటుతుంటే వెనక్కి వస్తున్న లారీ కొట్టి తుంటి విరిగింది. కాగితంలో రాసింది ఇంతే: వెనక్కి వచ్చేటప్పుడు లారీ హెచ్చరిక మోగుతూనే ఉంది. పోయినేటి పరీక్ష ప్రకారం కార్మికుడి వినికిడిలో ఏ లోపమూ లేదు. కాబట్టి ప్రమాదం అతని అజాగ్రత్త వల్ల జరిగింది. కంపెనీకి బాధ్యత లేదు.

రోజూ చదివే కాగితమే. అందరితోబాటు అతనూ తిట్టుకున్న కాగితమే. ఈ రోజు రెండో వాక్యం దగ్గర ఆగిపోయాడు. వెనకాల వచ్చేవాళ్ళు పక్కనుంచి పోతున్నా కదల్లేదు.

చేతులు కడుక్కునే తొట్టి దగ్గర నలుగురు చుట్టుముట్టారు.

"చిటికె అన్నా, ఎల్లుండే కదా. అదే నర్సా?"

"అదే నర్సంట."

"హమ్మయ్య. కొత్తావిడైతే మళ్ళీ లెక్క నేర్చుకోవాలి. ఈవిడ చెయ్యి మన మిషనుకంటే నయం, తప్పదు."

షెడ్డులో అతని పేరు చిటికె. పదకొండేళ్ళ కింద మొదటిసారి వ్యాను వచ్చినప్పుడు, చెవి తగ్గినవాళ్ళని మిషను మీదనుంచి తీసేసి యార్డులో బస్తాలెత్తడానికి పంపుతారని తెలిసింది. అందరూ బిక్కచచ్చిపోయారు. అతను ముందుగా లోపలికి వెళ్ళి ఒక సంగతి పట్టేశాడు. చెవిలో కూత వినిపించడానికి నర్సు మీట నొక్కే తీరుకి ఒక నడక ఉంది. నొక్కుతుంది, మూడు లెక్కలు ఆగుతుంది, నొక్కుతుంది. అయిదుసార్లయ్యాక మోత మార్చే గుండీ తిప్పడానికి ఎనిమిది లెక్కలు. వినపడకపోయినా ఆ లెక్కకి మన బొత్తాం నొక్కితే చాలు. బయటికొచ్చి తొట్టి దగ్గర చిటికెలు వేసి అందరికీ నేర్పాడు. అప్పటినుంచి ఏటా అతనే ముందు వెళ్ళడం, బయటికొచ్చి ఆ రోజు నడక ఎంతో చిటికెల్లో చెప్పడం ఆనవాయితీ అయింది. ఒక్కడు కూడా తప్పలేదు. అందరిలోకీ తొందరగా నేర్చుకున్నవాడు పొడుగాయన.

"ఓ నాలుగు చిటికెలు వెయ్యన్నా, మరచిపోయినట్టున్నా," అన్నాడు ఒకడు.

అతను చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఎప్పుడో ఆరిపోయిన చేతులవి.

సాయంత్రం బావమరిది కొట్టునుంచి ల్యాప్‌టాపుతో సరాసరి వచ్చాడు.

"కంగారేం లేదు బావా. సన్న చప్పుళ్ళు మొత్తం గీకి పారెయ్యొచ్చు. గడియారం పోతుంది, కీచు పోతుంది. చూడు."

వాయింపు పెట్టి, తెర మీద ఏదో గీతను పట్టుకుని కుడినుంచి ఎడమకి లాగాడు. "మారిందా?"

"లేదు."

ఇంకాస్త లాగాడు. "ఇప్పుడు?"

"లేదు."

ఇంకా లాగాడు. అక్క కుట్టడం ఆపి తలెత్తింది. బావమరిది వేలు మెల్లగా జరుగుతూనే ఉంది. చాలా దూరం పోయాక అతను చెయ్యెత్తాడు. "ఇదిగో, ఇప్పుడు కొంచెం తగ్గింది."

బావమరిది వేలు తీశాడు. హెడ్‌ఫోన్లు తీసి అక్కకి ఇచ్చాడు. ఆమె పెట్టుకుంది. వింటూ వింటూ ఆమె మొహంలో రంగు పోయింది. పక్కగదిలో మనిషిని పెట్టి తలుపేసినట్టు, తలుపు మీద దుప్పటి కప్పినట్టు ఉందా మోత. హెడ్‌ఫోన్లు తీయకుండానే భర్త వంక చూసింది.

"మీకు ఇలాగా వినపడేది?"

"ఎలాగ?"

 ఆమె హెడ్‌ఫోన్లు తమ్ముడి చేతిలో పెట్టి, కుట్టుమిషను దగ్గరికి పోయి, దారం ఎక్కే ఉన్న సూదికి మళ్ళీ దారం ఎక్కించడానికి కూర్చుంది.

"తీసెయ్యమంటావా బావా?" అన్నాడు బావమరిది.

"ఉండనీ. చెప్తా."

మంగళవారం డ్యూటీ దిగి పొడుగాయన ఇంటికి వెళ్ళాడు. మంచం పొడుగు చాలక కాళ్ళకింద స్టూలు వేశారు. తుంటికి పట్టీ, పక్కన చంకకర్రలు. తలుపు బాదినా, గదిలోకి అడుగు పెట్టినా పొడుగాయన ఇటు తిరగలేదు. గోడ వంకే చూస్తున్నాడు. అతను మంచం చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"ఓరి, ఎప్పుడొచ్చావురా చిటికె? పిల్లిలా వస్తావేంటి."

"ఇప్పుడే."

"కూర్చో. నన్ను చూడటానికి వచ్చావా, నా మిషను నీకిచ్చారని చెప్పడానికి వచ్చావా?"

"దాన్ని ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. నువ్వు లేక అది కూడా మొరాయిస్తోంది."

పొడుగాయన నవ్వబోయి తుంటి పట్టుకున్నాడు. కొంతసేపు షెడ్డు కబుర్లు నడిచాయి. తర్వాత అతను అడిగాడు.

"ఆ రోజు లారీ కూత వినపడలేదా?"

"లారీ కూసిందని మేనేజరు చెప్తేనే తెలిసింది. ఆస్పత్రికి వచ్చి అడిగాడు. నాకు వినపడలా సార్ అన్నా. ఆయన జేబులోంచి నా కాగితం తీశాడు. అన్నీ టిక్కులే. ఇంత బాగా వినపడేవాడివి వినపడలేదంటే ఎవరు నమ్ముతారయ్యా అన్నాడు." పొడుగాయన పైకప్పు వంక చూశాడు. "నేనేం చెప్పను? లోపల నాకు ఒక్క కూత కూడా వినపడలేదు సార్, మా చిటికె పుణ్యాన పాసయ్యా అని చెప్పనా? అందరికీ యార్డే గతి."

"చెప్పాల్సింది."

"పోరా." ఆ మాటలో కోపం లేదు. "ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. భలే నేర్పావు. నాకైతే ఒక్కటి తప్పలేదు తెలుసా, ఒక్కటి కూడా."

అదేదో మెచ్చుకోలు అయినట్టు చెయ్యి చాపి అతని మోకాలి మీద తట్టాడు. అతను ఆ చేతి వంకే చూస్తూ కూర్చున్నాడు. టీ తెచ్చి పెట్టారు. చల్లారి తొరక కట్టింది.

దారిలో బావమరిది కొట్టు దగ్గర ఆగాడు. కౌంటరు బయటే నిలబడి, "కీచు తియ్యకు. గడియారం కూడా తియ్యకు. ఎలా ఉన్నది అలా ఉంచు," అన్నాడు.

"మళ్ళీ ఇంకోసారి చేద్దాం బావా, గడియారం లేకుండా."

"వద్దు. అదే నేను వాయించింది," అని వెళ్ళిపోయాడు.

బుధవారం పొద్దున వ్యాను యార్డులో నీడ చూసుకుని ఆగింది. లోపల సగం నర్సుకి, సగం అద్దం బిగించిన చిన్న గది. గదిలో ఒక స్టూలు, గోడకి కొక్కెం, కొక్కేనికి హెడ్‌ఫోన్లు, వైరు చివర బొత్తాం. ఎదురుగా అట్ట మీద, 'వినపడితే నొక్కండి'. నర్సు అద్దానికి అవతల బల్ల దగ్గర కూర్చుంటుంది. బొత్తాం నొక్కితే ఆమె ముందు దీపం వెలుగుతుంది. దీపం వెలిగితే టిక్కు పెడుతుంది.

వరసలో పద్నాలుగుమంది. ఎప్పటిలాగే అతను ముందు.

"తొందరగా రా అన్నా. నడక మాత్రం జాగ్రత్తగా పట్టు, పోయినేడు కొంచెం మెల్లగా చేసింది," అన్నాడు వెనకవాడు.

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఆమె అద్దం మీద రెండుసార్లు తట్టింది. మొదలుపెట్టడానికి గుర్తు అది.

మొదట్లో బొంగురు మోతలు వినపడ్డాయి. నొక్కాడు. తర్వాత అవి ఆగిపోయాయి. కాదు, ఆగిపోయి ఉండవు. బొటనవేలు దానంతటదే లెక్కపెట్టి కదలబోయింది. ఇంకో చేత్తో దాన్ని పట్టుకున్నాడు. పదకొండేళ్ళలో ఆ స్టూలు మీద కూర్చుని అతను వినడం ఇదే మొదలు. ఏదో ఒకటి వస్తుందని కళ్ళు మూసుకుని చూశాడు. తన ఊపిరి వినపడింది. చొక్కా కాలరు రాసుకోవడం వినపడింది. ఇంకేమీ రాలేదు. ఆ ఏమీ లేకపోవడం ఎంతకీ తరగలేదు.

తలుపు తెరుచుకుంది. నర్సు హెడ్‌ఫోన్లు తీసుకుని తన చెవికి పెట్టుకుంది, వెంటనే మొహం చిట్లించి తీసేసింది.

"ఇంత గట్టిగా మోగుతోందే. వినపడలేదా?"

"లేదు మేడమ్."

"పోయినేడు మీకు అన్నీ..."

"పోయినేడు కూడా లేదు. ఇంకోసారి పెట్టండి."

ఆమె అతని మొహంలోకి చూసి, ఏదో అర్థం కానట్టు తల ఊపి, కొత్త కాగితం తీసుకుని కూర్చుంది. అద్దం మీద రెండుసార్లు తట్టింది. దీపం మీదా కాగితం మీదా దృష్టి పెట్టింది.

ఈసారి దీపం తప్పకుండా వెలిగింది. అయిదు, ఆగి, మళ్ళీ అయిదు. బొంగురు మోతనుంచి అన్నిటికంటే సన్న మోతదాకా, గట్టిదానినుంచి అన్నిటికంటే మెల్లదానిదాకా. ఆమె పెన్ను టిక్కులు పెట్టుకుంటూ కాగితం కిందికి దిగిపోయింది. తేలికపడ్డ మొహంతో లేచి తలుపు తీసింది.

"చూశారా, ఇందాక ఏదో వైరు..."

అతను స్టూలు మీద ఉన్నాడు. చేతిలో బొత్తాం ఉంది. చెవుల మీద ఏమీ లేదు. హెడ్‌ఫోన్లు కొక్కేనికి వేలాడుతున్నాయి.

ఆమె చేతిలోని కాగితం వంక చూసింది. ఒక్క గడి ఖాళీ లేదు. గోడ పట్టుకుని మెల్లగా తన కుర్చీలో కూర్చుంది.

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచీ. షెడ్డంతా ఇంతే."

"ఎవరు నేర్పారు?"

"నేనే."

"మీ మిషను తీసేస్తారు."

"తీసేస్తారు."

"నా మీదికి కూడా వస్తుంది." ఆమె గొంతు తగ్గించింది. ఆ మాట అతనికి సగమే వినపడింది, పెదాలు చూసి మిగతాది తెలుసుకున్నాడు.

"వస్తుందేమో మేడమ్. పొడుగాయన కాగితం మీద మీ సంతకం ఉంది. దాని పక్కన ఇది కూడా ఉండాలి."

చాలాసేపు ఆమె పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. తర్వాత టిక్కుల కింద, తొందరేమీ లేకుండా, ఒక్కో అక్షరం విడివిడిగా రాసింది: ఈ పరీక్ష జరిగినంతసేపూ ఇతని చెవులకు పరికరం లేదు. కింద సంతకం చేసి, గడియారం చూసి వేళ వేసింది.

అతను మెట్లు దిగాడు. పదమూడుమంది బొటనవేళ్ళు సిద్ధం చేసుకుని అతని చేతి వంకే చూశారు.

"ఎంతన్నా?"

"లెక్క లేదు. వినపడితేనే నొక్కండి."

"ఎకసెక్కాలొద్దు. ఎంతో చెప్పు."

అతను చెప్పలేదు. వాళ్ళు బూతులు తిట్టారు. ఒకడు చొక్కా పట్టుకున్నాడు, ఇంకొకడు విడిపించాడు. నర్సు పిలిచింది. అతని తర్వాతివాడు, నెత్తురు చుక్క లేని మొహంతో మెట్లెక్కి లోపలికి పోయాడు.

అంతకుముందు ఏ ఏడూ ఒక్కో మనిషికి మూడు నిమిషాలకి మించి పట్టలేదు. పది నిమిషాలయింది. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తలుపు తెరుచుకుని, వాడు బయటికొచ్చి, కింది మెట్టు మీదే నిలబడిపోయాడు.

"అన్నా," అన్నాడు చివరికి. "లోపల ఆవిడ నొక్కుతూనే ఉందంటావా?"

"నొక్కుతూనే ఉందిరా."